నలభై మూడో మనిషి

నరసరావుపేట,
9 జూన్ 2025.

ఒరేయ్ వేణూ,

అక్క దీవెనలు ముందే ఇచ్చేస్తున్నాను. చివరిదాకా చదివాక నీకు కోపమొచ్చి తీసుకోవేమోనని.

ఫోను ఉండగా ఉత్తరమేంది, దీనికి మళ్ళీ పిచ్చి పట్టిందా అనుకుంటావు. పట్టే ఉంటుంది. పోయిన వారం మూడుసార్లు నీకు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తగానే "అన్నం తిన్నావా, అక్కడ ఎండలెట్లా ఉన్నాయి" అని అడిగి పెట్టేశాను. మాచర్ల ఎండల గురించి నాకు కొత్తగా తెలియాల్సింది ఏముంది చెప్పు. అడగాల్సింది వేరే ఉంది. నోటితో అడిగితే నీ గొంతు మారుతుంది. నీ గొంతు మారితే నేనిక అడగలేను. అందుకని రాస్తున్నాను. దీన్ని ఫ్యాక్టరీ కాటా గదిలో విప్పకు, ఇంటికెళ్ళి చదువు. ఇక్కడ నా దగ్గరే ఉన్నా, అమ్మకి ఈ సంగతి తెలియదు.

అడగాల్సింది ఇదీ. కిందటి అక్టోబర్లో నాన్నని తీసుకెళ్ళేటప్పుడు, దింపుడు కళ్ళం దగ్గర పాడె కిందికి దించి, నువ్వు ఆయన చెవిలో మూడుసార్లు పిలిచావు కదా. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతాడని పిలిచే పిలుపు కదా అది. అప్పుడు నాన్న కదిలాడా?

ఎనిమిది నెలల తర్వాత ఇప్పుడెందుకు అడుగుతున్నానో మొదటినుంచి చెబుతాను, ఓపిక పట్టు.

నేనూ ఫిరోజూ కలిసి ఎరువుల కొట్టు మీద గది తీసుకుని స్టూడియో అని బోర్డు పెట్టిన సంగతి నీకు తెలుసు. మార్చిలో ఒక సినిమా పని వచ్చింది. డ్యాం కడితే మునిగిపోయే ఊళ్ళ కథ. నాలుగు వేలమంది మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళు వదిలి నడిచిపోయే దృశ్యం ఒకటుంది. నాలుగు వేలమందిని పోగేసే స్తోమత ఆ డైరెక్టరుకి లేదు. నలభైమందిని కూడా పిలవలేకపోయాడు. "మీరు హైదరాబాదులో చేసొచ్చారుగదమ్మా, కంప్యూటర్లో చేసిపెట్టండి" అన్నాడు. హైదరాబాదులో నేను పనిచేసిన చోట ఇట్లాంటి జనాన్ని తయారుచెయ్యడానికి ఒక అంతస్తు నిండా మనుషులుండేవాళ్ళం. ఇక్కడ నేను, ఫిరోజ్, వేడెక్కి గంటకోసారి ఆగిపోయే రెండు కంప్యూటర్లు. అయినా ఒప్పుకున్నాను. నా పొగరు నీకు తెలుసుగా.

జనాన్ని తయారుచెయ్యడం బ్రహ్మవిద్యేం కాదు. పది ఒళ్ళు చేస్తాం. ఒక ముసలాయన, ఒక లావుపాటామె, ఒక బక్కపలచటి కుర్రాడు, అట్లా. వాటికే పంచెలూ చీరెలూ తుండుగుడ్డలూ మార్చి మార్చి కడతాం. ఒకడి పొడుగు తగ్గిస్తాం, ఇంకొకడి నడుము కాస్త వంచుతాం. ముందు వరసల వాళ్ళకే ముఖాలుంటాయి. వెనకవాళ్ళకి కళ్ళూ ముక్కూ ఉండవు. ఉన్నా ఎవరూ చూడరు. కష్టమల్లా నడకతోనే. ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే నడకలన్నీ బూట్లేసుకుని సిమెంటు నేల మీద నడిచే దొరలవి. అవి తెచ్చి మన పంచెకట్టు వాళ్ళకి తొడిగితే, డైరెక్టరు చూసి "ఏందమ్మా ఇది, ఊరు మునిగిపోయి పోతన్నారా, తిరునాళ్ళకు పోతన్నారా?" అన్నాడు. నిజమే అన్నాడు పాపం.

ఆడవాళ్ళ నడకలకి అమ్మనీ, మా వీధిలో నలుగురినీ డాబా మీద నడిపించి వీడియో తీశాను. మగవాళ్ళు దొరకలేదు. ఫిరోజ్‌ని నడవమంటే కెమెరా చూడగానే పెళ్ళికొడుకు నడక నడుస్తాడు. మార్కెట్‌యార్డు హమాలీల్ని అడిగితే సిగ్గుపడి నవ్వారు. కెమెరా ఉందన్న ధ్యాసే లేకుండా, చెప్పుల్లేకుండా, తలలు వంచుకుని, మన ఎండలో మన నేల మీద మెల్లగా నడిచే మగవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? నాకు ఒకే ఒక్కచోటు గుర్తొచ్చింది.

నాన్నని తీసుకెళ్ళిన రోజు బాబాయి ఆ ఫొటోగ్రాఫర్ ఏసోబు చేత డ్రోన్ ఎగరేయించి తీయించిన వీడియో. కొట్ల సంఘం ప్రెసిడెంటుగా చేసిన నాన్న చివరి ప్రయాణం ఘనంగా ఉండాలని తీయించాడు. అది నాకు ఆ రోజే పంపించాడు. ఇన్నాళ్ళూ నేను తెరవలేదు. నేను గురజాలలో బస్సు దిగేసరికి పాడె లేచి పది నిమిషాలయింది. బజారు చివరిదాకా పరిగెత్తాను. పెద్దవాళ్ళు రెండు చేతులూ పట్టుకుని, "ఆడపిల్లవి, అటు రాగూడదమ్మా" అని ఆపేశారు. నాన్న ముఖం నేను చూడలేదు. అందుకని ఆ వీడియో చూడబుద్ధి కాలేదు. చూడనిదాన్ని పనికి వాడుకోవడమేందంటావు. తప్పే. నడకలే కదా తీసుకునేది, నాన్నని కాదు కదా అనుకున్నాను.

ఆ వీడియో ఇస్తే మా ప్రోగ్రామ్ అందులో మనిషి కనిపించిన ప్రతిచోటా పుల్లలతో బొమ్మ కట్టినట్టు ఎముకలు గీస్తుంది. ఆ ఎముకలకి మా బొమ్మ ఒంటిని తొడిగితే ఆ మనిషి నడక బొమ్మకి వచ్చేస్తుంది. ఎవరైనా అడ్డమొచ్చి మనిషి సగమే కనిపిస్తే మిగతా సగం ఊహించి గీస్తుంది. నలభై మూడు నడకలు వచ్చాయి. సంబరపడ్డాను. వాటిని నాలుగు వేలమందికి పంచి, ఒక్కొక్కరూ ఒక్కో క్షణంలో మొదలయ్యేట్టు పెట్టాను. అట్లా పెట్టకపోతే అందరూ ఒకేసారి కాలెత్తి పరేడు చేస్తారు.

మే నెలాఖరులో, పొద్దున పదకొండు గంటలప్పుడు, మొదటిసారి ఆ జనాన్ని నడిపించి చూశాం. కింద రోడ్డు మీద ఆటోల గోల. ఇంకా రంగులు వెయ్యలేదు, అందరూ బూడిదరంగు బొమ్మలే. నిజంగా ఊళ్ళొదిలి పోతున్నట్టే ఉంది. ఫిరోజ్ టీ గ్లాసు పట్టుకుని తెరకి దగ్గరగా వంగాడు.

"అక్కా, వీళ్ళేంది, గాల్లో పడుకోని పోతన్నారు?"

చూశాను. జనం మధ్యలో అక్కడక్కడా కొందరు భుజాల ఎత్తున వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకి పెట్టి, తేలిపోతున్నారు. కింద మోసేవాళ్ళు లేరు. ఒకడికి ముసలాయన ఒళ్ళు, ఒకడికి కుర్రాడి ఒళ్ళు, ఒక బొమ్మకైతే చీరె కట్టి ఉంది. లెక్కపెడితే తొంభై మూడు. కాసేపటికి అందులో ఒకటి మెల్లగా నేల మీదికి దిగింది. చుట్టూ జనం నడుస్తూనే ఉన్నారు. నేల మీద పడుకున్న ఆ బొమ్మ కుడిచెయ్యి నెమ్మదిగా పైకి లేచింది. కొంతసేపు అట్లాగే నిలబడింది. తర్వాత దిగింది. బొమ్మ నేల మీదే అర చుట్టు తిరిగి, ఈసారి తల ముందుకి పెట్టి, మళ్ళీ భుజాల ఎత్తుకి లేచి వెళ్ళిపోయింది. అంతలో ఇంకొకటి దిగింది. ఇంకో చెయ్యి లేచింది. వెనక వరసల్లో, ముఖం లేనివాళ్ళలో కూడా, ఒకటి తర్వాత ఒకటి చేతులు లేస్తూనే ఉన్నాయి.

ఫిరోజ్ గ్లాసు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. నేను ఏసోబు వీడియో తెరిచి మనుషుల్ని లెక్కపెట్టాను. నడుస్తున్నవాళ్ళు నలభై ఇద్దరే. నలభై మూడో మనిషి పాడె మీద ఉన్నాడు.

రైస్‌మిల్లు గోడ దగ్గర దింపుడు కళ్ళానికి మీరు ఆగినచోట వీడియో ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. పైనుంచి తీసింది కదా, పాడె దించగానే అందరూ మూగారు. తలలూ తుండుగుడ్డలూ తప్ప ఏమీ కనపడవు. డ్రోన్‌కి శబ్దం రాదు. నువ్వు వంగావు. ఆ సందుల్లోంచి ప్రోగ్రామ్‌కి ఏం కనిపించిందో, నాన్న కుడిచెయ్యి లేచినట్టు గీసింది. "కనపడనిచోట అది ఊహిస్తదిగదక్కా, అట్టా ఒణుకుద్ది" అంటాడు ఫిరోజ్. పదకొండేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నదాన్ని, వణుకు నాకు తెలియదా. వణికితే ఇటూ అటూ వణుకుతుంది. ఇది లేచింది, ఆగింది, దిగింది. ఎవరో అడిగితే జవాబు చెప్పినట్టు.

ఆ రోజు నాన్నని చూసింది మన వీధి ఆర్‌ఎంపీ డాక్టరు ఒక్కడే కదా. నాడి పట్టుకుని "అయిపోయిందయ్యా" అన్నాడట. అంతే. ఇంకెవరూ చూడలేదు. ఒరేయ్, ప్రాణం ఉండగానే తీసుకెళ్ళామా మనం?

నెలాఖరుకి పని ఇచ్చెయ్యాలి. ఆ నలభై మూడో నడకని తీసెయ్యాలి. ఒక్క మీట నొక్కితే తొంభై ముగ్గురూ పోతారు. వేలు మీట దాకా వెళుతుంది, నొక్కలేకపోతున్నాను. ఆయన పలికాడేమో, మనం వినలేదేమో, ఇప్పుడు నేను రెండోసారి చంపుతున్నానేమో అనిపిస్తోంది. కదిలాడంటే కదిలాడని రాయి. లేదంటే లేదని రాయి. ఏదైనా తట్టుకుంటాను, తెలియకపోవడమే తట్టుకోలేకపోతున్నాను.

నీ
ప్రత్యూషక్క


నరసరావుపేట,
19 జూన్.

వేణూ,

పది రోజులయింది. ఉత్తరం అందిందని పోస్టాఫీసు వాళ్ళ మెసేజ్ వచ్చింది. నువ్వు మాత్రం పలకవు. ఫోనెత్తి "డ్యూటీలో ఉన్నానక్కా" అంటావు. ఇరవై నాలుగ్గంటలూ డ్యూటీ చేసే మొనగాడివి నువ్వొక్కడివే దొరికావు ఆ ఫ్యాక్టరీకి.

కోపం కాదురా. భయమేస్తోంది. నిన్న ఏసోబుని పట్టుకున్నాను. ఎవరిదో పెళ్ళి ఉందని కోర్టు రోడ్డులో కల్యాణమండపానికి వచ్చాడు. డ్రోన్‌కి రెక్కలు బిగించుకుంటూ ఏం చెప్పాడో తెలుసా. "నేను కిందకి దించి తీద్దామనుకున్నా మేడం. రెక్కల గాలికి మీద కప్పిన గుడ్డ లేస్తదని మీ బాబాయిగారు అరిశారు. ఇంక దించలా, చానా పైనే ఉంచా. కానీ ఆ గుడ్డ లేసింది మేడం. గాలి లేదు, చెట్టాకు గూడా కదల్లా. ఫోన్లో చూస్తా ఉన్నా, కుడి పక్క గుడ్డ ఇట్టా లేసింది. నేను ప్రభువా అనుకోని కళ్ళు మూసుకున్నా." ఎవరికైనా చెప్పావా అంటే, "సావింట్లో అట్టాంటియ్యి ఎవరికి చెప్తాం" అన్నాడు.

అది చాలదన్నట్టు ఇవాళ మధ్యాహ్నం అమ్మ స్టూడియోకి వచ్చింది. నేను క్యారేజీ మర్చిపోయి వస్తే ఎండన పడి తెచ్చింది. తెర మీద జనం నడుస్తున్నారు. ఆపడానికి నాకు వ్యవధి ఇవ్వలేదు. అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. చేత్తో చూపించి, "ఆ పడుకున్నాయన మీ నాయన గదంటే?" అంది.

వేణూ, అది బూడిదరంగు బొమ్మ. కుర్రాడి ఒళ్ళు. ముఖం చెయ్యలేదు, గుడ్డు లాంటి తల. ఎట్లా చెప్పావే అమ్మా అన్నాను.

"ముప్పై ఎనిమిదేళ్ళు పక్కన పడుకున్నదాన్ని, ఆయన పడుకునే తీరు నాకు తెలీదా? ఎడమ మోకాలు జూడు. పక్షవాతం వచ్చినాక అది ఎప్పుడన్నా చాపాడా?"

ఈలోగా బొమ్మ దిగింది. చెయ్యి లేచింది. ఏదో ప్రోగ్రామ్ తప్పు అని నేను గొణిగాను. అమ్మ వినలేదు. తెర దగ్గరికి వచ్చి, క్యారేజీ నా ఒళ్ళో పెట్టి, చాలా మామూలుగా అంది: "మంచినీళ్ళు అడుగుతన్నాడు. మాట పడిపొయ్యినాక దాహమైతే అట్టనే ఎత్తేవాడు."

ఆ మాట విన్నాక నాకు నీళ్ళు తాగుతుంటే గొంతు దిగడంలేదు. తొంభై మూడుసార్లు ఆయన చెయ్యెత్తి అడుగుతుంటే నేను కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. ఫిరోజ్ పాపం ఆ తెర వైపు వీపు పెట్టి పనిచేసుకుంటున్నాడు. డైరెక్టరు మాత్రం మిగతా నలభై ఇద్దరి నడకలూ విడిగా చూపిస్తే చూసి మురిసిపోయాడు. వాళ్ళు కూడా నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగి, ఒకే పక్కకి తిరిగి, తలలు వంచుతారు కదా. "ఊరొదల్లేక ఆగి చూస్తన్నారు, ఎంత బాగా చేశావమ్మా" అన్నాడు. వాళ్ళు దేన్ని చూస్తున్నారో ఆయనకేం తెలుసు.

నీకు దండం పెడతాను. రెండు వాక్యాలు రాయి. నువ్వు పిలిచినప్పుడు ఆ చెయ్యి లేచిందా లేదా?

అక్క


మాచర్ల,
24 జూన్.

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి ఇంట్లో బియ్యం డబ్బా అడుగున పెట్టాను. రెండోది వచ్చాక ఇంక దాచినా లాభంలేదని అర్థమైంది. నాకు నీలాగా రాయడం చేతకాదు. తప్పులుంటే సర్దుకో.

చెయ్యి లేచింది. కానీ నాన్న ఎత్తలేదు. నేను ఎత్తాను.

ముందు అది నమ్ము. తర్వాత మిగతాది చదువు.

ఇరవై ఆరు నెలలు నాన్న మంచంలో ఉన్నాడు. నువ్వు రెండు నెలలకోసారి ఆదివారం వచ్చి, ఆయన తల దువ్వి, ఏడ్చి వెళ్ళేదానివి. నిన్ను తప్పుపట్టడంలేదు, నీ ఉద్యోగం నీది. నేను గోనెసంచుల కొట్టు మూసేసి ఆయన దగ్గర కూర్చున్నాను. అమ్మకి నడుంనొప్పి, ఆయన్ని లేపలేకపోయేది. ఆయనకి మాట లేదు, ఎడమ పక్క లేదు. ఉన్నదల్లా ఆ కుడిచెయ్యి. అది లేస్తే నేను వెళ్ళాలి. నీళ్ళకి లేస్తుంది. దుప్పటికి లేస్తుంది. పక్క తడిసినా లేస్తుంది. నేను అన్నం కలుపుకుని మొదటి ముద్ద ఎత్తగానే లేస్తుంది. కావాలని చేసేవాడు కాదు, నాకు తెలుసు. కానీ అక్కా, ఒక ఏడాది గడిచాక, ఆ చెయ్యి చూస్తే నాకు మనిషి గుర్తొచ్చేవాడు కాదు. చెయ్యే కనిపించేది. రెండుసార్లు చూసి కూడా చూడనట్టు వాకిట్లోకి వెళ్ళిపోయాను. వచ్చేసరికి అట్లాగే ఎత్తి ఉంచాడు.

ఆ రోజు రైస్‌మిల్లు దగ్గర దించారు. పంతులుగారు "చెవిలో మూడుసార్లు పిలువు నాయనా, గట్టిగా పిలువు, వినపడాల" అన్నాడు. బాబాయి నా వీపు మీద చెయ్యేశాడు. వంగాను. నోరు తెరిచాను. అప్పుడు నాకు భయమేసింది. పోయాడన్న భయం కాదు. పిలిస్తే లేస్తాడేమోనని.

పిలవలేదు అక్కా.

పిలిచినట్టు పెదాలు మూడుసార్లు ఆడించాను. చుట్టూ ఏడుపులు, డప్పులు. అందరూ పిలిచాననే అనుకున్నారు. బాబాయి కూడా "వాడు ఎంత ఆర్తిగా పిలిచాడో" అని కర్మంతరాల రోజు పదిమందికీ చెప్పాడు. అది వింటూ నేను వడ్డన చేశాను.

పెదాలు ఆడించిన వెంటనే నా మీద నాకే అసహ్యమేసింది. నేనేం మనిషిని అనుకున్నాను. కుడి పక్క గుడ్డ కిందికి చెయ్యి పెట్టి ఆయన చెయ్యి బయటికి లాగాను. ఏసోబు చూసింది అదే. ఆ చెయ్యి ఎత్తి నా నెత్తిన పెట్టుకుందామనుకున్నాను. అది వంగలేదు. మోచెయ్యి బిగుసుకుపోయి ఉంది, వేళ్ళు కర్రల్లా ఉన్నాయి. బలవంతాన కాస్త ఎత్తి, నేనే తల వంచి దాని కిందికి దూరాను. మనసులో "నన్ను కొట్టు నాన్నా" అన్నాను. అంతసేపే అది పైన ఉంది. నీ ప్రోగ్రామ్ సరిగ్గానే గీసింది. నన్ను కూడా పక్కనే గీసి ఉంటుంది, వెళ్ళి చూడు. ఆ నలభై ఇద్దరిలో ఒకడు పూర్తిగా నేలకి వంగి ఉంటాడు.

ప్రాణం ఉందేమోనన్న అనుమానం నీకు వద్దు. ఆ చెయ్యిని ఇరవై ఆరు నెలలు రోజుకి నలభైసార్లు పట్టుకున్నాను. బతికిన చెయ్యి బరువు నాకు తెలుసు. అది బతికిన చెయ్యి కాదు. ఒట్టు. నువ్వు మీట నొక్కు. నువ్వు ఎవరినీ చంపడంలేదు.

కానీ నాకు ఒకటి తెలియదు. పిలవకుండా పంపిస్తే ఏమవుతుందో నాకు తెలియదు. పిలిస్తేనే కదా పోయినవాడికి పోయానని తెలిసేది అంటారు. ఇక్కడ కాటా మీదికి ఖాళీ లారీ వచ్చినప్పుడు, ఒక్కోసారి ఒక మనిషి బరువు ఎక్కువ చూపిస్తుంది. డ్రైవరు దిగకుండా ఉంటాడు, అంతే. అయినా నేను కిటికీలోంచి లారీ వెనక్కి తొంగి చూస్తాను. ఎనిమిది నెలల నుంచి చూస్తున్నాను. నాతో పనిచేసే షబ్బీర్ "ఎవరికోసం అన్నా, రోజూ అట్టా జూస్తావు?" అని అడిగాడు. ఎవరూ లేరన్నాను.

అమ్మకి చెప్పొద్దు. ఆమె ముఖం నేను చూడలేను.

వేణు


నరసరావుపేట,
29 జూన్.

ఒరేయ్ నా తండ్రీ,

నలభై మూడో నడక తీసేశాను. ఇవాళ పొద్దున. నలభై రెండుతోనే జనం పూర్తయి, డైరెక్టరుకి వెళ్ళిపోయింది. నేలకి వంగినవాణ్ణి వెతికాను. దొరికాడు. ముప్పై ఆరో నంబరు. వాణ్ణి అట్లాగే ఉంచాను. సినిమా వస్తే ఎక్కడో ఒకచోట కనిపిస్తావు.

ఇంక తిట్టుకో. నిన్న పొద్దున నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. చెప్పొద్దన్నావు, చెప్పాను. తెర మీద ఆ చెయ్యి చూసిన దగ్గర్నుంచి ఆమె రోజూ సాయంత్రం గుమ్మంలో చెంబుతో నీళ్ళు పెడుతోంది. తెల్లారి చూసి పారబోస్తోంది. నన్నేమీ అడగదు. అట్లా చూస్తూ నేను ఊరుకోలేకపోయాను. "లేస్తాడేమోనని" అన్నచోట చదవడం ఆపేశాను. అమ్మ "చదువు, ఆగావేం" అంది. అంతా విని, కొంగుతో ముఖం తుడుచుకుని, "బిడ్డ ఎంత అలిసిపొయ్యాడో" అంది. నిన్ను గురించి అన్న మాట అదొక్కటే. నేను మాత్రం ఆ ఆదివారాల గురించి నీకు ఏం చెప్పాలో తెలియక ఇన్ని రోజులు ఆగాను. ఇప్పటికీ తెలియదు. తప్పు నాదిరా. నువ్వు ఒక్కడివే మోశావు.

కాసేపటికి అమ్మ లేచి చీరె మార్చుకుంది. "పద గురజాల," అంది. ఎందుకే అంటే, "పిలవలేదన్నాడుగా. ఎవరో ఒకరు పిలవాలిగా," అంది.

పిడుగురాళ్ళ మీదుగా వెళ్ళి పదకొండున్నరకి దిగాం. ఎవరింటికీ వెళ్ళలేదు. తిన్నగా రైస్‌మిల్లు గోడ దగ్గరికి నడిచాం. బజారు చివర నన్ను పట్టుకుని ఆపినచోటు దాటాను, ఈసారి ఎవరూ ఆపలేదు. మిట్టమధ్యాహ్నం, నాపరాళ్ళ గోడ సెగలు కక్కుతోంది. అక్కడ ఏమీ లేదురా. మట్టి, నలిగిన వాటర్ ప్యాకెట్లు, ఆగి ఉన్న ఒక ఆటో. అమ్మ నన్ను చూసి, "కానీ" అంది.

"నాన్నా" అన్నాను. గాలే వచ్చింది, గొంతు రాలేదు. ఆటో అతను తలెత్తి చూశాడు. రెండోసారి గట్టిగానే పిలిచాను. నేలని చూస్తూ పిలిచాను. నువ్వు చెప్పిన భయమేందో అప్పుడు అర్థమైంది. నాన్న అంటే అంత ఇష్టమున్నదాన్ని, పలకొద్దు పలకొద్దు అనుకుంటూ పిలిచాను. మూడోసారి నా వల్ల కాలేదు.

అమ్మ నన్ను పక్కకి జరిపింది. అమ్మ నాన్న పేరు పలకగా నువ్వెప్పుడైనా విన్నావా? పెనిమిటి పేరు నోటితో అనకూడదని, ఆసుపత్రిలో రాసుకునేవాళ్ళు అడిగినా మనల్ని ముందుకి తోసేది కదా. అట్లాంటి మనిషి చెప్పులు విప్పి, కొంగు నడుముకి దోపి, ఆ మట్టి మీదికి వంగి, రోడ్డంతా వినిపించేట్టు పిలిచింది.

"సుబ్బారావూ!"

రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగిపోయారు. కొట్ల ముందు నిలబడ్డవాళ్ళు మావైపు తిరిగారు. అమ్మ వంగినది వంగినట్టే ఉంది, చెవి నేల వైపు పెట్టి. ఎంతసేపు ఉన్నామో తెలియదు. ఏమీ లేదు వేణూ. నేల కదల్లేదు, గాలి కదల్లేదు, ఎవరూ పలకలేదు.

అమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, పెదాల మీద కొంచెం నవ్వు కూడా ఉంది.

"పేరుపెట్టి పిలిస్తే, నన్ను తిట్టడానికైనా లేచేవాడే. లేవలా. పొయ్యాడే మీ నాయన, నిజంగానే పొయ్యాడు. వాడికి రాయి."

రాశాను.

నీ అక్క,
ప్రత్యూష